ఆగిపోయిన సినిమాకు ప్రాణం పోసిన ఆండ్రీ తార్కోవ్‌స్కీ



యుద్ధం సినిమా అంటే మనలో చాలామందికి ఇష్టం. ఆదివారం హాస్టల్ టీవీలో అలాంటి సినిమా వస్తుందంటే చోటు కోసం ముందుగానే వెళ్ళి కూర్చుంటాం. ట్యాంకులు, విమానాలు, బాంబుల మోత, చివరికి వీరుడు గెలవడం, జెండా ఎగరడం చూసి చప్పట్లు కొడతాం. అయితే యుద్ధంలో ఒక పన్నెండేళ్ళ పిల్లవాడు ఏం పోగొట్టుకుంటాడో చూపించిన సినిమా ఒకటి ఉంది. అందులో పెద్ద పెద్ద పోరాటాలు ఉండవు. ఒక నది, ఒక అడవి, ఒక నేలమాళిగ, కొందరు సైనికులు, ఒక పిల్లవాడు. అంతే. ఆ సినిమా చూసినవాళ్ళు చప్పట్లు కొట్టలేరు. చాలాసేపు మాట్లాడలేరు కూడా.

ఆ సినిమా పేరు ఇవాన్ బాల్యం. 1962లో సోవియట్ యూనియన్‌లో విడుదలయింది. దాని దర్శకుడు ఆండ్రీ తార్కోవ్‌స్కీ. అప్పటికి ఆయనకు 30 ఏళ్ళు. అదే ఆయన మొదటి పూర్తి నిడివి సినిమా. తర్వాతి కాలంలో ప్రపంచంలోని గొప్ప దర్శకులలో ఒకరిగా పేరు తెచ్చుకున్న ఈ మనిషి ఒక తల్లి జీతం మీద, తండ్రి దగ్గర లేకుండా పెరిగాడు. మొదటి అవకాశం కూడా ఎవరో పిలిచి ఇచ్చింది కాదు. మరొకరి చేతిలో చెడిపోయి ఆగిపోయిన పనిని అడిగి తీసుకున్నాడు. అందుకే ఆయన జీవితం మన హాస్టల్ విద్యార్థులు తెలుసుకోదగినది అనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

వోల్గా నది ఒడ్డున

ఆండ్రీ 1932 ఏప్రిల్ 4న రష్యాలో వోల్గా నది ఒడ్డున ఉన్న జవ్‌రాజ్యే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి అర్సేనీ తార్కోవ్‌స్కీ కవి. తల్లి మరియా ఇవానొవ్నా కూడా సాహిత్యం చదువుకున్నది. 1934లో చెల్లెలు మరీనా పుట్టింది.

తండ్రి కవి అయినా ఆయన సొంత కవిత్వం చాలాకాలం పుస్తకంగా రాలేదు. తుర్క్‌మెన్, జార్జియన్, ఆర్మీనియన్ మొదలైన భాషల కవుల రచనలను రష్యన్‌లోకి అనువదించి బతికారు. ఆయన మొదటి కవితా సంపుటి 1962లో, అంటే ఆయనకు 55 ఏళ్ళు వచ్చేసరికి వెలువడింది. కొడుకు మొదటి సినిమా, తండ్రి మొదటి పుస్తకం ఒకే సంవత్సరంలో లోకానికి తెలిశాయి.

ఆండ్రీకి ఐదేళ్ళప్పుడు, 1937లో, తండ్రి ఇల్లు వదిలి వేరే కాపురం పెట్టుకున్నారు. పిల్లలిద్దరి భారం తల్లి మీద పడింది. ఆమె మాస్కోలోని ఒక పెద్ద ముద్రణాలయంలో ప్రూఫ్ రీడరుగా చేరింది. అచ్చుకు పోయే ప్రతి అక్షరాన్ని కళ్ళు చికిలించుకుని చూసి తప్పులు దిద్దే ఉద్యోగం అది. రాయాలన్న తన కోరికను పక్కన పెట్టి, మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా, ఆ ఉద్యోగంతోనే ఇద్దరు పిల్లలను పెంచింది. చేతిలో డబ్బు లేకపోయినా కొడుకును సంగీతం బడికి పంపి పియానో నేర్పించింది, బొమ్మలు గీయడం నేర్పించింది. మంచి పుస్తకాలు చేతికిచ్చింది. వాటి విలువ ఆ వయసులో ఆండ్రీకి తెలియలేదు. పెద్దయ్యాక మాత్రం తనలో ఏదైనా మంచి ఉంటే అది అమ్మ పెట్టినదే అని గ్రహించాడు.

యుద్ధకాలం

1941 జూన్ 22న హిట్లర్ సైన్యాలు సోవియట్ యూనియన్ మీద దండెత్తాయి. ఆ యుద్ధం నాలుగేళ్ళు సాగింది. అందులో సోవియట్ దేశం సుమారు 2 కోట్ల 70 లక్షలమందిని పోగొట్టుకుంది. ఒక ఇంట్లోనైనా చావు కబురు వినని ఊరు అక్కడ దొరకడం కష్టం.

యుద్ధం మొదలయ్యేనాటికి ఆండ్రీకి తొమ్మిదేళ్ళు. మాస్కో మీదకు శత్రువు వస్తున్నాడని తెలిసి పిల్లలను, స్త్రీలను దూరప్రాంతాలకు తరలించారు. మరియా పిల్లలిద్దరినీ తీసుకుని వోల్గా ఒడ్డున ఉన్న యూర్యెవెత్స్ అనే చిన్న పట్టణానికి చేరింది. అక్కడ ఆమె తల్లి, అంటే పిల్లల అమ్మమ్మ ఉండేది. చలికాలంలో నది గడ్డకట్టిపోయే చోటు అది. తిండికి కటకట. ఇంట్లో ఉన్న వస్తువులు పల్లెల్లో ఇచ్చి బంగాళాదుంపలు తెచ్చుకుంటే పూట గడిచేది.

తండ్రి తనంతట తానే సైన్యంలో చేరి, యుద్ధరంగంలో సైనికుల పత్రికకు విలేకరిగా పనిచేశారు. 1943లో కుటుంబం మాస్కో వైపు తిరిగి వచ్చింది. ఆ ఏడాది తండ్రి సెలవు మీద వచ్చి పిల్లలను చూసి వెళ్ళారు. అదే సంవత్సరం డిసెంబరులో ఆయన కాలికి తీవ్రంగా గాయమైంది. పుండు కుళ్ళిపోవడంతో ఒకటికి పలుమార్లు ఆపరేషన్లు చేసి కాలు తీసేయవలసి వచ్చింది. పిల్లలు ఎదురుచూసిన నాన్న చంకకర్రలతో తిరిగి వచ్చారు. వచ్చినా తమ ఇంటికి రాలేదు.

ఆండ్రీ యుద్ధరంగానికి వెళ్ళలేదు. తుపాకీ పట్టలేదు. కాని ఆకలి, భయం, ఎదురుచూపు అన్నీ చూశాడు. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఒక సినిమా తీయవలసి వచ్చినప్పుడు ఆయనకు అక్కరకు వచ్చింది ఈ అనుభవమే.

దారి దొరకని రోజులు

గొప్పవాళ్ళు చిన్ననాటి నుంచే గొప్పగా చదివారని మనం అనుకుంటాం. ఆండ్రీ అలా కాదు. చదువులో సామాన్యుడు. అల్లరివాడు. 1947 చివరిలో క్షయ సోకి ఆసుపత్రిలో చేరి, మరుసటి ఏడాది వసంతం వరకు అక్కడే ఉన్నాడు. బడి అయ్యాక మాస్కోలో అరబిక్ భాష చదవడానికి చేరి, మధ్యలోనే మానేశాడు.

కొడుకు చెడు సావాసాల పాలవుతాడేమోనని తల్లి భయపడింది. ఆమె ప్రోద్బలంతో 1953లో భూగర్భ పరిశోధకుల బృందంలో కూలీగా చేరి సైబీరియా వెళ్ళాడు. తురుఖాన్‌స్క్ ప్రాంతంలో కురేయ్‌కా అనే నది వెంట, మనుషులు లేని అడవిలో వందల కిలోమీటర్లు నడిచి రాళ్ళ నమూనాలు సేకరించే పని. దాదాపు ఏడాదిపాటు ఆ పని చేశాడు. ఆ ఒంటరితనంలోనే సినిమా చదువు చదవాలని నిర్ణయించుకున్నాడు.

1954లో మాస్కోలోని జాతీయ సినిమా విద్యాలయంలో సీటు వచ్చింది. అక్కడ మిఖయీల్ రోమ్ అనే పేరుపొందిన దర్శకుడు ఆయన గురువు. రోమ్ తన శిష్యులను తనలా సినిమాలు తీయమని ఒత్తిడి చేయలేదు. ఎవరి చూపు వారికి ఉండాలని కోరుకున్న గురువు ఆయన. అదే తరగతిలో ఉన్న మరో విద్యార్థి వసీలీ శుక్షిన్. సైబీరియా పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ. తర్వాతి రోజుల్లో రచయితగా, నటుడిగా, దర్శకుడిగా రష్యా అంతటా పేరు తెచ్చుకున్నాడు. నగరంలో పెరిగిన కవి కొడుకు, పల్లె నుంచి వచ్చిన రైతు కొడుకు ఒకే గురువు దగ్గర పక్కపక్కన కూర్చుని చదువుకున్నారు.

చదువు చివర తార్కోవ్‌స్కీ తీసిన చిన్న సినిమా పేరు రోడ్డు రోలరు, వయొలిన్. వయొలిన్ నేర్చుకునే ఒక చిన్న పిల్లవాడికి, రోడ్డు రోలరు నడిపే కార్మికుడికి మధ్య ఒక్క రోజు స్నేహం దాని కథ. నిడివి ముప్పావు గంట. దానికి ఛాయాగ్రాహకుడు వదీం యూసోవ్. ఈ యూసోవ్ చెప్పిన ఒక కబురే తార్కోవ్‌స్కీ జీవితాన్ని మలుపు తిప్పింది.

మధ్యలో ఆగిపోయిన సినిమా

వ్లదీమిర్ బొగొమోలొవ్ అనే రచయిత 1957లో ఇవాన్ అనే పెద్దకథ రాశారు. ఆయన చిన్న వయసులోనే సైన్యంలో చేరి యుద్ధం చూసిన మనిషి. ఆ కథలో ఇవాన్ అనే పిల్లవాడు జర్మన్ల ఆక్రమణలో ఉన్న ప్రాంతానికి నది దాటి వెళ్ళి, శత్రువు బలగం ఎంత ఉందో చూసి వచ్చి సోవియట్ సైన్యానికి చెప్తుంటాడు. అంటే వేగులవాడు. చివరికి పట్టుబడి చనిపోతాడు.

మాస్‌ఫిల్మ్ స్టూడియో ఈ కథను సినిమాగా తీయాలనుకుంది. మొదట రాసిన స్క్రిప్టులో కథ మార్చేశారు. అందులో ఇవాన్ చనిపోడు. జర్మన్ల నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడతాడు. కొన్నేళ్ళకు రైల్లో ప్రయాణిస్తుండగా, యుద్ధంలో తనను ఎరిగిన అధికారి ఎదురవుతాడు. ఇద్దరూ సంతోషిస్తారు. చూసేవాళ్ళ మనసు కూడా తేలికపడుతుంది. కాని బొగొమోలొవ్ దీనికి ఒప్పుకోలేదు. యుద్ధంలో చనిపోయిన పిల్లవాడిని సినిమా కోసం బతికించడం ఆయనకు అబద్ధంగా తోచింది. స్క్రిప్టును మళ్ళీ కథకు దగ్గరగా మార్చారు.

1960లో ఒక యువ దర్శకుడు షూటింగు మొదలుపెట్టాడు. తీసినంతవరకు చూసిన స్టూడియో పెద్దలు అది పనికిరాదని తేల్చారు. ఆ ఏడాది డిసెంబరులో సినిమా ఆపేశారు. డబ్బు సగం ఖర్చయిపోయింది. చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ పని నెత్తిన వేసుకుంటే పేరు రాకపోగా ఉన్న పేరు పోయే ప్రమాదం ఉంది.

ఈ సంగతి యూసోవ్ ద్వారా విని, తార్కోవ్‌స్కీ ఆ సినిమా తనకు ఇమ్మని అడిగారు. గురువు రోమ్ కూడా ఆయన పేరు చెప్పారు. 1961 జూన్‌లో పని ఆయన చేతికి వచ్చింది. అంతకుముందు తీసినదంతా పక్కన పెట్టారు. నటులను మార్చారు. యూసోవ్‌ను ఛాయాగ్రాహకుడిగా తీసుకున్నారు. మిగిలిన డబ్బుతోనే మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఎక్కువ భాగం యుక్రెయిన్‌లో నీపర్ నది ఒడ్డున కనీవ్ పట్టణం దగ్గర తీశారు. 1962 జనవరికల్లా షూటింగు ముగిసింది.

ఇవాన్ పాత్రకు నికొలాయ్ బుర్లాయేవ్ అనే బాలుడిని ఎంచుకున్నారు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో పుట్టినవాడు. సన్నటి ముఖం, లోతైన కళ్ళు. ఆ కళ్ళను ఒకసారి తెరమీద చూసినవాళ్ళు మరిచిపోలేరు.

ఇవాన్ కథ

సినిమా కథ క్లుప్తంగా చెప్తాను. యువ అధికారి గాల్త్‌సెవ్ దగ్గరకు సైనికులు ఒక రాత్రి తడిసి ముద్దయిన పిల్లవాడిని తీసుకొస్తారు. చలికి వణుకుతున్నా ఆ పిల్లవాడు భయపడడు, ఏడవడు. పై కార్యాలయానికి ఫోను చేసి తాను వచ్చానని చెప్పమని ఆ అధికారికే ఆజ్ఞ ఇస్తాడు. తర్వాత జేబులోంచి గింజలు, ముళ్ళు తీసి బల్ల మీద పరిచి లెక్క పెట్టుకుంటాడు. అవి ఆటవస్తువులు కావు. శత్రువుల బలగాన్ని మరిచిపోకుండా గుర్తుపెట్టుకోవడానికి పెట్టుకున్న లెక్క. కాగితం మీద రాసుకుంటే పట్టుబడతాడు కదా!

స్నానం చేసి, కాస్త తిని, కూర్చున్నచోటనే నిద్రపోతాడు. అప్పుడు గాల్త్‌సెవ్ అతన్ని ఎత్తుకుని మంచం మీద పడుకోబెడతాడు. అంతసేపూ ఆజ్ఞలిచ్చినవాడు చేతుల్లోకి తీసుకోగానే మామూలు పిల్లవాడైపోతాడు.

ఇవాన్ కుటుంబాన్ని జర్మన్లు చంపేశారు. అతనికి మిగిలింది పగ ఒక్కటే. అక్కడి అధికారులు అతన్ని ప్రేమిస్తారు. ఒక సార్జెంటు అతన్ని పెంచుకోవాలని కూడా అనుకుంటాడు. యుద్ధం నుంచి దూరంగా సైనిక పాఠశాలకు పంపాలని అందరూ ప్రయత్నిస్తారు. ఇవాన్ ఒప్పుకోడు. పారిపోతాడు. చివరికి వాళ్ళే ఒక రాత్రి అతన్ని పడవలో ఎక్కించుకుని నది దాటించి, నీళ్ళలో మునిగిన అడవి అంచున వదిలి వస్తారు. ఇవాన్ చీకట్లో నడిచి వెళ్ళిపోతాడు. అదే చివరిసారి చూడటం.

1945లో బెర్లిన్ పతనమయ్యాక గాల్త్‌సెవ్ శత్రువుల కార్యాలయంలో చెల్లాచెదురుగా పడివున్న ఫైళ్ళ మధ్య తిరుగుతుంటాడు. ఒక కాగితం మీద ఇవాన్ ఫోటో కనిపిస్తుంది. పట్టుబడిన పిల్లవాడికి మరణశిక్ష అమలు చేశారని అర్థమవుతుంది. యుద్ధం గెలిచారు. ఇవాన్ లేడు.

ఈ సినిమాకు ముందు ఇలాంటి పిల్లల కథలు లేవా అంటే ఉన్నాయి. 1945లో వచ్చిన రెజిమెంటు కొడుకు అనే వలెంతీన్ కతాయెవ్ కథ సోవియట్ పిల్లలందరికీ తెలుసు. అందులో కూడా ఒక అనాథ బాలుడు సైనికుల మధ్య పెరుగుతాడు. చివరికి సైనిక పాఠశాలలో చేరతాడు. ధైర్యం ఉంటే మంచి జరుగుతుందని ఆ కథ చెప్తుంది. తార్కోవ్‌స్కీ అదే మాట మళ్ళీ చెప్పదలచుకోలేదు. యుద్ధం చేయగలిగిన పిల్లవాడు అప్పటికే లోపల సగం కాలిపోయినవాడు అన్నది ఆయన ఆలోచన. అందుకే ఇవాన్ సాహసాలు ఆయన చూపించలేదు. శత్రువుల మధ్య ఇవాన్ ఏం చేశాడో సినిమాలో ఎక్కడా కనిపించదు. రెండు సాహసాల మధ్య ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడు, ఎలా నిద్రపోయాడు అన్నదే ఆయన చూపించారు.

నాలుగు కలలు

బొగొమోలొవ్ కథలో లేనిది, తార్కోవ్‌స్కీ తానుగా చేర్చినది ఒకటి ఉంది. అది ఇవాన్ కనే కలలు. సినిమాలో నాలుగు కలలు వస్తాయి. వాటిలో యుద్ధం ముందటి ఇవాన్ కనిపిస్తాడు. నవ్వుతాడు, పరుగెత్తుతాడు, అమ్మతో మాట్లాడతాడు.

సినిమా మొదలవడమే కలతో మొదలవుతుంది. ఎండ కాసే అడవి, సాలెగూడు, మేక, కోకిల కూత, బకెట్టుతో నీళ్ళు తెచ్చిన అమ్మ. పిల్లవాడు ఒంగి ఆ బకెట్టులో నీళ్ళు తాగుతాడు. అంతలో తుపాకీ పేలిన శబ్దం. లేచి చూస్తే మసిబారిన గాలిమర లోపల ఒంటరిగా ఉంటాడు. ఈ మొదటి కల తార్కోవ్‌స్కీ సొంత జ్ఞాపకం. ఆయనకు నాలుగేళ్ళప్పటి తొలి జ్ఞాపకాలలో ఒకటి. ఊహించి రాసినది కాదు. ఆయన తన అమ్మను, తన ఎండను తీసుకొచ్చి ఇవాన్‌కు ఇచ్చారు.

రెండో కలలో అమ్మా కొడుకులు బావిలోకి వంగి చూస్తారు. అడుగున నక్షత్రం కనిపిస్తుందని అమ్మ చెప్తుంది. మరొక కలలో వానలో ఆపిల్ పండ్ల లారీ మీద ఇవాన్, చెల్లెలి వయసు పాప కూర్చుని వెళ్తుంటారు. పండ్లు ఇసుక మీద దొర్లిపోతాయి, గుర్రాలు వచ్చి వాటిని తింటాయి. చివరి కల ఇవాన్ చనిపోయాడని మనకు తెలిశాక వస్తుంది. నది ఒడ్డున పిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటారు. ఇవాన్ నీళ్ళ అంచున పరుగెత్తుతూ పాపను దాటి ఇంకా ముందుకు పోతాడు. అక్కడ ఒక ఎండిన చెట్టు ఉంటుంది.

ఈ కలలు బొగొమోలొవ్‌కు నచ్చలేదు. తాను చూసిన యుద్ధాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఆయన పట్టుదల. కాని కలలు లేకపోతే ఇవాన్ ఏం పోగొట్టుకున్నాడో మనకు తెలిసేది కాదు. మెలకువలో ఇవాన్ ముఖం పెద్దవాడి ముఖం. కలలోనే అది పిల్లవాడి ముఖం. ఒకే ముఖాన్ని రెండు విధాలుగా చూశాక, ఈ నేరం ఎంతటిదో ఎవరూ వివరించనక్కరలేదు.

వెనిస్ నుంచి వచ్చిన కబురు

1962లో సినిమా సోవియట్ దేశంలో విడుదలయింది. కోటీ అరవై లక్షలకు పైగా ప్రేక్షకులు చూశారు. అదే ఏడాది ఇటలీలోని వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అయిన గోల్డెన్ లయన్ ఈ సినిమాకు వచ్చింది. ఒక ఇటాలియన్ సినిమాతో కలిపి పంచారు. మొదటి సినిమాకే అంత పెద్ద గౌరవం దక్కడం సామాన్యం కాదు.

అక్కడ విమర్శలు కూడా వచ్చాయి. ఇటలీలో కొందరు వామపక్ష విమర్శకులు కలలను తప్పుపట్టారు. అప్పుడు ఫ్రాన్స్‌కు చెందిన ప్రసిద్ధ తత్వవేత్త జాన్ పాల్ సార్త్ర్ ఈ సినిమాను సమర్థిస్తూ ఒక ఇటాలియన్ పత్రికకు లేఖ రాశారు. యుద్ధం తయారుచేసిన ఇలాంటి పిల్లవాడికి శాంతికాలంలో చోటు ఉండదని, ఆ నష్టాన్ని ఏ విజయమూ పూడ్చలేదని ఆయన వాదన సారాంశం.

ఆ తర్వాత

తార్కోవ్‌స్కీ మొత్తం మీద ఏడు పెద్ద సినిమాలు మాత్రమే తీశారు. రెండోది ఆండ్రీ రూబ్ల్యోవ్, మధ్యయుగాల నాటి ఒక చిత్రకారుడి కథ. 1966లోనే పూర్తయినా సోవియట్ ప్రేక్షకుల దగ్గరకు 1971లో గాని రాలేదు. ఇవాన్‌గా వేసిన బుర్లాయేవ్ అందులో గంట పోతపోసే కుర్రవాడిగా నటించాడు. తండ్రి నేర్పకుండానే చనిపోయిన విద్యను, తెలుసునని చెప్పి పని ఒప్పుకుని, చివరికి సాధించే పాత్ర అది. 1972లో సొలారిస్ వచ్చింది.

1975లో వచ్చిన అద్దం ఆయన సొంత కథ. యుద్ధకాలంలో తల్లి, పిల్లలు, ఇంటికి రాని తండ్రి. చెవి కమ్మలు అమ్ముకోవడానికి తల్లీ కొడుకులు ఉన్నవాళ్ళింటికి నడిచి వెళ్ళే సన్నివేశం అందులో ఉంది. తన తల్లి మరియా ఇవానొవ్నాను వృద్ధురాలిగా ఆ సినిమాలో ఆయన చూపించారు. తండ్రి తన కవితలను తానే చదివారు. విడిపోయిన అమ్మానాన్నలను కొడుకు ఒక సినిమాలో ఒకచోట చేర్చాడు. నాలుగేళ్ళకు, 1979లో, ఆ తల్లి కన్నుమూసింది.

సొంత దేశంలో ప్రతి సినిమాకూ అనుమతుల కోసం ఏళ్ళ తరబడి తిరగవలసి వచ్చేది. 1982లో సినిమా తీయడానికి ఇటలీ వెళ్ళిన ఆయన, 1984లో తిరిగి రానని ప్రకటించారు. అప్పటికి ఆయన చిన్న కొడుకు మాస్కోలోనే అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. ప్రభుత్వం ఆ పిల్లవాడిని బయటికి పంపలేదు. పిల్లవాడి బాల్యం గురించి సినిమా తీసిన మనిషి తన కొడుకు పెరగడాన్ని చూడలేకపోయాడు. 1986 జనవరిలో, ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలాక, కొడుకును పంపారు. చివరి సినిమా బలిదానాన్ని ఆయన ఆ కొడుక్కే అంకితం ఇచ్చారు.

1986 డిసెంబరు 29న పారిస్‌లో తార్కోవ్‌స్కీ మరణించారు. వయస్సు 54 ఏళ్ళు. సోవియట్ ప్రభుత్వం 1990లో ఆయనకు లెనిన్ బహుమతి ప్రకటించింది. తీసుకోవడానికి ఆయన లేరు.

మనం ఆలోచించవలసినది

ఈ జీవితం నుంచి రెండు విషయాలు మనకు పనికివస్తాయి.

మొదటిది పని గురించి. మనకు వచ్చే అవకాశాలు తరచుగా ఇతరులు వద్దని వదిలేసినవే. కోరుకున్న కాలేజీలో సీటు రాదు, వచ్చిన చోట చేరతాం. తార్కోవ్‌స్కీకి వచ్చినది కూడా సగం ఖర్చయిపోయిన డబ్బు, చెడ్డపేరు పడిన కథ. ఆయన సర్దుకుపోలేదు, సణగలేదు. తన దగ్గర మాత్రమే ఉన్నది ఏమిటో వెతుక్కుని, తన తల్లి జ్ఞాపకాన్ని దానిలో పెట్టారు. అప్పుడది ఆయన సినిమా అయింది.

రెండోది ఇంకా ముఖ్యం. మన ఊళ్ళలో బాధ్యతలు మోసే పిల్లవాడిని చూసి పెద్దలు మెచ్చుకుంటారు. ఈ వయసులోనే ఎంత పెద్దరికం, ఇంటిని మోస్తున్నాడు అని పొగుడుతారు. తండ్రి పోయాక మిర్చి కోతకు వెళ్ళే పిల్ల, పత్తి చేలో పనిచేసే పిల్లవాడు, తమ్ముళ్ళ కోసం బడి మానేసిన అక్క మనందరికీ తెలుసు. మనలో కొందరు అలాంటి ఇళ్ళ నుంచే ట్రంకు పెట్టె పట్టుకుని ఇక్కడికి వచ్చాం. ఇవాన్‌ను కూడా ఆ సైనికులు మెచ్చుకున్నారు, నిజంగా ప్రేమించారు. అయినా అతని సాయం తీసుకున్నారు. నది దాటించి వదిలి వచ్చినది కూడా ప్రేమించినవాళ్ళే. పిల్లలు పెద్దల బరువు మోస్తున్నారంటే అది వాళ్ళ గొప్పతనం మాత్రమే కాదు, చుట్టూ ఉన్న పెద్దల లోటు అని ఈ సినిమా చూసినవారికి తెలుస్తుంది.

ఇప్పుడు ఉద్యోగాలలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఊరిలో బడి మానేసి పనికి పోతున్న పిల్లలు ఎవరైనా ఉంటే, భుజం తట్టి మెచ్చుకుని ఊరుకోకండి. హాస్టల్‌లో సీట్లు ఎప్పుడు ఇస్తారో వారి ఇంటికి వెళ్ళి చెప్పండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి తోడు వెళ్ళండి. మనలో చాలామందికి ఇంతకంటే పెద్ద సాయం ఎవరూ చేయలేదు. అది సరిపోయింది.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇంకొక మాట. ఇవాన్ బాల్యం నిడివి గంటన్నర చిల్లర. వార్డెన్ గారిని అడిగి ఒక ఆదివారం అందరూ కలిసి చూడండి. రష్యన్ భాష రాకపోయినా ఫరవాలేదు. ఆ పిల్లవాడు బకెట్టులో నీళ్ళు తాగుతూ అమ్మ వైపు చూసే చూపు ఏ భాషవాళ్ళకైనా తెలుసు. సినిమా అయ్యాక ఆ ఆదివారమే ఇంటికి ఒక ఫోను చేసి అమ్మతో మాట్లాడండి.